ఇంటి సర్వర్: లోపలి నుంచి, బయటి నుంచి చేరే మార్గాలు

ఇంటి సర్వర్ అంటే ఇంట్లోనే ఉండి ఫోటోలు, పత్రాలు, సినిమాలు, సీసీ కెమెరా దృశ్యాలు వంటివాటిని నెట్‌వర్క్ ద్వారా అందించే కంప్యూటర్. దాని నిర్వహణ, అందులోని డేటా రెండూ ఇంటివారి చేతిలోనే ఉంటాయి. ఇంటి వైఫైలో ఉన్నప్పుడు ఆ సర్వర్‌ను చేరడం తేలిక. ఊరు దాటాక చేరడానికి రౌటర్, ఇంటర్నెట్ సంస్థ, డొమైన్ పేరు, భద్రతా ఏర్పాట్లు అన్నీ కలిసి పనిచేయాలి. ఈ రెండు రకాల ప్రవేశాల చరిత్ర, పనితీరు, పద్ధతులు, పరిమితులు ఈ వ్యాసంలో ఉన్నాయి. స్థానిక పరిస్థితులకు హనుమకొండలోని సుబేదారి ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకున్నాం.

## నిర్వచనం, పరిధి

సర్వర్ ఒక్కటే అయినా లోపలివారికీ బయటివారికీ దాని చిరునామా ఒకటి కాదు. లోపలివారు రౌటర్ కేటాయించిన ప్రైవేటు ఐపీ చిరునామాతో దాన్ని చేరతారు. ఉదాహరణకు అది 192.168.1.10 కావచ్చు. ఈ చిరునామాకు ఇంటి గడప అవతల విలువ లేదు. లక్షల ఇళ్లలో అదే అంకె వాడుకలో ఉంటుంది. బయటివారు ఇంటర్నెట్ సంస్థ ఇచ్చిన పబ్లిక్ చిరునామా ద్వారా గానీ, ఏదైనా మధ్యవర్తి సేవ ద్వారా గానీ రావాలి. చిరునామాల్లోని ఈ తేడాయే ఇంటి సర్వర్ నిర్వహణలో ఎదురయ్యే చాలా చిక్కులకు మూలం.

అద్దెకు తీసుకున్న డేటా కేంద్రంలోని యంత్రం ఈ నిర్వచనంలోకి రాదు. అయితే బయటి ప్రవేశానికి మధ్యవర్తిగా అలాంటి యంత్రాన్ని వాడే పద్ధతిని కింద వివరించాం.

## చరిత్ర

### చిరునామాల కొరత

ఇంటర్నెట్‌కు పునాది అయిన ఐపీ నాలుగో రూపం 1981లో ఖరారైంది. 32 బిట్ల ఆ చిరునామాలు మొత్తం సుమారు 429 కోట్లు. ప్రతి కంప్యూటర్‌కూ సొంత పబ్లిక్ చిరునామా ఉంటుందన్నది తొలి ఊహ. 1990ల ఆరంభానికే ఈ సంఖ్య చాలదని తేలింది. ఒకే పబ్లిక్ చిరునామాను అనేక యంత్రాలు పంచుకునే 'నాట్' పద్ధతిని 1994 మేలో వెలువడిన ఇంటర్నెట్ సాంకేతిక పత్రం ఆర్‌ఎఫ్‌సీ 1631 వివరించింది. 10, 172.16 నుంచి 172.31, 192.168లతో మొదలయ్యే శ్రేణులను ప్రైవేటు వాడకానికి కేటాయించిన ఆర్‌ఎఫ్‌సీ 1918 1996 ఫిబ్రవరిలో వచ్చింది. 2011 ఫిబ్రవరి 3న ప్రపంచస్థాయి నిల్వ అయిపోయింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఆసియా-పసిఫిక్ ప్రాంత రిజిస్ట్రీ చివరి నిల్వను పొదుపుగా పంచడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి కొత్త ఇంటర్నెట్ సంస్థలు ఇంటింటికీ ఒక పబ్లిక్ చిరునామా ఇవ్వడం కష్టమైంది.

### సాధనాలు, సాఫ్ట్‌వేర్

మైక్రోసాఫ్ట్ 2007లో విండోస్ హోమ్ సర్వర్ విడుదల చేసింది. 2012 ఫిబ్రవరి 29న అమ్మకానికి వచ్చిన రాస్ప్‌బెర్రీ పై, తక్కువ ధరకే రాత్రింబగళ్లు నడిచే లినక్స్ యంత్రాన్ని విద్యార్థుల చేతికి అందించింది. 2013లో వచ్చిన డాకర్ వల్ల సర్వర్ సాఫ్ట్‌వేర్ పెట్టుకోవడం కొన్ని ఆదేశాల పనిగా మారింది. ఫైళ్ల కోసం నెక్స్ట్‌క్లౌడ్ 2016లో, సినిమాలు, పాటల కోసం జెల్లీఫిన్ 2018లో, ఫోటోల కోసం ఇమిచ్ 2022లో మొదలయ్యాయి. గూగుల్ ఫోటోస్ తన అపరిమిత ఉచిత నిల్వను 2021 జూన్ 1 నుంచి ఆపేయడం, ఫోటోల కోసం సొంత సర్వర్ పెట్టుకోవడానికి ఒక కారణమైంది.

### భారతదేశంలో

దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ సేవ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా మొదలైంది. మోడెమ్‌తో ఫోన్ చేసి కలిసే ఆ రోజుల్లో ఇంటి నుంచి సర్వర్ నడపడం ఆచరణలో సాధ్యం కాదు. 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానం కనీస వేగాన్ని సెకనుకు 256 కిలోబిట్లుగా నిర్ణయించింది. 2005 జనవరిలో బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ రావడంతో ఎప్పుడూ తెగని కనెక్షన్ ఇళ్లకు చేరింది. 2016 సెప్టెంబరు 5న జియో మొబైల్ సేవ, 2019 సెప్టెంబరు 5న జియోఫైబర్ వాణిజ్య సేవ ఆరంభమయ్యాయి. ఫైబర్ వల్ల అప్‌లోడ్ వేగం పెరిగింది. కానీ ఇదే దశలో ఇంటికి పబ్లిక్ చిరునామా దొరకడం తగ్గింది.

## సుబేదారి: స్థానిక నేపథ్యం

సుబేదారి హనుమకొండ నగరంలోని ప్రాంతం. నిజాం కాలంలో వరంగల్ సుబాకు అధికారిగా ఉన్న సుబేదారు పదవి ఈ పేరులో నిలిచింది. యూనివర్సిటీ ఆర్ట్స్ అండ్ సైన్స్ కళాశాల ఇక్కడే ఉంది. 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం, 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలగా మొదలై 2002లో జాతీయ సాంకేతిక సంస్థగా మారిన నిట్ ఇదే నగర సముదాయంలో ఉన్నాయి. అంతకు ముందు వరంగల్ అర్బన్‌గా ఉన్న జిల్లాకు 2021 ఆగస్టులో హనుమకొండ పేరు వచ్చింది.

నివాస ప్రాంతంగా సుబేదారి వంటి చోట్ల మూడు రకాల కనెక్షన్లు సాధారణం: పెద్ద సంస్థల ఫైబర్, స్థానిక కేబుల్ ఆపరేటర్ ద్వారా వచ్చే ఫైబర్, అద్దె గదుల్లో ఉండేవారు వాడే మొబైల్ హాట్‌స్పాట్. సర్వర్‌ను బయటి నుంచి చేరడానికి ఏ పద్ధతి పనికొస్తుందో ముందుగా ఈ కనెక్షన్ రకమే నిర్ణయిస్తుంది.

## నిర్మాణం

ఇంటి సర్వర్‌గా రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న బోర్డు, పాత ల్యాప్‌టాప్, చిన్న డెస్క్‌టాప్ లేదా సినాలజీ, క్యూనాప్ వంటి సంస్థల నాస్ (నెట్‌వర్క్ నిల్వ) పెట్టె వాడతారు. దాన్ని వైఫైతో కాకుండా లాన్ కేబుల్‌తో రౌటర్‌కు కలపడం మేలైన పద్ధతిగా స్థిరపడింది. సర్వర్‌లో ఒక్కో సేవ ఒక్కో పోర్టు మీద నడుస్తుంది. అపార్ట్‌మెంట్‌కు వీధి చిరునామా ఒకటే ఉన్నా ఫ్లాటు నంబర్లు వేరుగా ఉన్నట్టే, ఒకే ఐపీ చిరునామా కింద పోర్టులు వేరుగా ఉంటాయి. దూరం నుంచి ఆదేశాలిచ్చే ఎస్‌ఎస్‌హెచ్‌కు 22, ఎన్‌క్రిప్ట్ చేసిన వెబ్‌కు 443, జెల్లీఫిన్‌కు 8096 ప్రామాణిక పోర్టులు.

అనేక సేవలు ఉన్నప్పుడు వాటి ముందు రివర్స్ ప్రాక్సీని ఉంచుతారు. ఎంజిన్ఎక్స్, క్యాడీ, ట్రాఫిక్ ఇందుకు వాడే సాఫ్ట్‌వేర్లు. వాడుకరి అడిగిన పేరును బట్టి ప్రాక్సీ ఆ అభ్యర్థనను సరైన పోర్టుకు చేరవేస్తుంది. అందువల్ల బయటికి ఒక్క 443 పోర్టు తెరిస్తే చాలు.

## లోపలి నుంచి చేరడం

### స్థిరమైన ప్రైవేటు చిరునామా

రౌటర్‌లోని డీహెచ్‌సీపీ సేవ ప్రతి పరికరానికీ కొంత గడువుతో చిరునామా ఇస్తుంది. గడువు తీరాక సర్వర్ చిరునామా మారవచ్చు. దీన్ని నివారించడానికి సర్వర్ మ్యాక్ చిరునామాను (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్యను) గుర్తించి, ఎప్పుడూ ఒకే ఐపీ ఇచ్చేలా రౌటర్‌లో రిజర్వేషన్ చేస్తారు.

### స్థానిక పేర్లు

పేరును చిరునామాగా మార్చే వ్యవస్థ డీఎన్‌ఎస్. అంకెల బదులు పేరుతో పిలవడానికి రెండు మార్గాలున్నాయి. మొదటిది మల్టీకాస్ట్ డీఎన్‌ఎస్. 2013లో ఆర్‌ఎఫ్‌సీ 6762గా ప్రమాణీకరించిన ఈ పద్ధతిలో 'డాట్ లోకల్'తో ముగిసే పేరును పరికరాలు తమలో తాము అడిగి తెలుసుకుంటాయి. రెండోది ఇంట్లోనే డీఎన్‌ఎస్ సర్వర్ నడపడం. పై-హోల్, యాడ్‌గార్డ్ హోమ్ వంటివి ప్రకటనలను అడ్డుకోవడంతో పాటు స్థానిక పేర్లకు చిరునామాలూ చెబుతాయి. ఇంటి నెట్‌వర్క్‌ల కోసం 'హోమ్ డాట్ ఆర్పా' అనే డొమైన్‌ను 2018లో ప్రత్యేకించారు.

### సాధారణ ఆటంకాలు

అతిథుల వైఫైలో పరికరాలు ఒకదానికొకటి కనిపించకుండా చేసే అమరిక ఉంటుంది. అందులో చేరిన ఫోనుకు సర్వర్ దొరకదు. ఆపరేటర్ ఇచ్చిన ఫైబర్ రౌటర్ వెనక ఇంటివారు మరో వైఫై రౌటర్ పెట్టుకుంటే రెండు వేర్వేరు నెట్‌వర్క్‌లు ఏర్పడతాయి. దీన్ని డబుల్ నాట్ అంటారు. రెండో రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చడం దీనికి పరిష్కారం.

## బయటి నుంచి చేరడం: అవరోధాలు

నాట్. లోపలి నుంచి బయలుదేరిన ప్రతి సంభాషణనూ రౌటర్ పట్టికలో రాసుకుంటుంది. జవాబు వచ్చినప్పుడు ఆ పట్టిక చూసి సరైన పరికరానికి పంపుతుంది. బయటి నుంచి తనంతట తాను వచ్చిన ప్యాకెట్‌కు పట్టికలో చోటు లేనందున దాన్ని వదిలేస్తుంది.

మారే చిరునామా. ఇళ్ల కనెక్షన్లకు సాధారణంగా డైనమిక్ చిరునామా ఉంటుంది. కరెంటు పోయి రౌటర్ మళ్లీ మొదలైతే అది మారవచ్చు.

క్యారియర్ గ్రేడ్ నాట్. వేల మంది చందాదారులకు కొన్ని పబ్లిక్ చిరునామాలనే పంచేందుకు ఇంటర్నెట్ సంస్థ తన దగ్గరే మరో నాట్ నడుపుతుంది. దీనికోసం 2012 ఏప్రిల్‌లో ఆర్‌ఎఫ్‌సీ 6598 ద్వారా 100.64 నుంచి 100.127 వరకు ఉన్న శ్రేణిని కేటాయించారు. రౌటర్ పేజీలో వ్యాన్ (రౌటర్ బయటి వైపు) చిరునామా ఈ శ్రేణిలో ఉన్నా, 10తో మొదలైనా, లేదా బయటి వెబ్‌సైటు చూపే చిరునామాకు భిన్నంగా ఉన్నా ఆ కనెక్షన్ ఈ ఏర్పాటు వెనక ఉన్నట్టు. జియోఫైబర్‌లో నాలుగో రూపం చిరునామాకు ఇదే పద్ధతి. ఇలాంటి ఇంట్లో రౌటర్ అమరికలు ఎన్ని మార్చినా బయటి ప్యాకెట్ రౌటర్ దాకా రాదు.

## బయటి నుంచి చేరడం: పద్ధతులు

### పోర్ట్ ఫార్వర్డింగ్, డైనమిక్ డీఎన్‌ఎస్

పబ్లిక్ చిరునామా ఉన్న కనెక్షన్లలో, ఫలానా పోర్టుకు వచ్చినదాన్ని ఫలానా ప్రైవేటు చిరునామాకు పంపమని రౌటర్‌కు చెప్పడమే పోర్ట్ ఫార్వర్డింగ్. మారే చిరునామాను డక్‌డీఎన్‌ఎస్, నో-ఐపీ వంటి డైనమిక్ డీఎన్‌ఎస్ సేవలు ఒక స్థిరమైన పేరుకు ముడివేస్తాయి. ఇంట్లోని చిన్న ప్రోగ్రాము చిరునామా మారిన ప్రతిసారీ ఆ సేవకు తెలియజేస్తుంది. అదనపు రుసుముతో స్టాటిక్ ఐపీ తీసుకుంటే ఈ అవసరం ఉండదు. కొన్ని సంస్థలు ఇళ్ల కనెక్షన్లలో 25, 80 వంటి పోర్టులను ఆపేస్తాయి.

### ఐపీ ఆరో రూపం

128 బిట్ల చిరునామాలున్న ఈ రూపంలో ప్రతి పరికరానికీ పబ్లిక్ చిరునామా దొరుకుతుంది, నాట్ అక్కర్లేదు. దేశంలో దీని అమలుకు టెలికాం శాఖ 2010 జూలైలో మార్గపత్రం విడుదల చేసింది. జియో వంటి సంస్థలు చందాదారులకు దీన్ని ఇస్తున్నాయి. రౌటర్ ఫైర్‌వాల్‌లో సర్వర్‌కు మాత్రమే దారి తెరవాలి. చూసేవారి వైపు కూడా ఆరో రూపం ఉండాలన్నది దీని పరిమితి. నాలుగో రూపం మాత్రమే ఉన్న ఆఫీసు నుంచి ఆ సర్వర్ కనిపించదు. సంస్థ ఇచ్చే చిరునామా ముందుభాగం కూడా మారవచ్చు కాబట్టి డైనమిక్ డీఎన్‌ఎస్ ఇక్కడా ఉపయోగమే.

### సొంత వీపీఎన్

వీపీఎన్ బయట ఉన్న ఫోనును ఎన్‌క్రిప్ట్ చేసిన సొరంగం ద్వారా ఇంటి నెట్‌వర్క్‌లో భాగం చేస్తుంది. 2001 నుంచి ఉన్న ఓపెన్‌వీపీఎన్, 2020 మార్చిలో లినక్స్ కెర్నెల్ 5.6లో చేరిన వైర్‌గార్డ్ ప్రధానమైనవి. వైర్‌గార్డ్ గుర్తింపు తాళం లేని ప్యాకెట్‌కు జవాబే ఇవ్వదు కాబట్టి పోర్టులను వెతికేవారికి ఆ పోర్టు తెరిచి ఉన్నట్టు తెలియదు. ఇంట్లో, బయట ఒకే ప్రైవేటు శ్రేణి ఉంటే ప్యాకెట్ ఎటు వెళ్లాలో తేలక ఘర్షణ వస్తుంది. ఎక్కువ రౌటర్లు 192.168.0, 192.168.1 శ్రేణులతో వస్తాయి కాబట్టి ఇంటి శ్రేణిని అంతగా వాడుకలో లేని దానికి మార్చడం పరిపాటి. ఈ పద్ధతికి కూడా కనీసం ఒక వైపు పబ్లిక్ చిరునామా కావాలి.

### మెష్ నెట్‌వర్క్‌లు

టెయిల్‌స్కేల్, జీరోటియర్ వంటివి క్యారియర్ గ్రేడ్ నాట్ వెనక ఉన్న ఇళ్లలో పనిచేస్తాయి. రెండు పరికరాలూ ముందు ఒక సమన్వయ సర్వర్‌ను కలుస్తాయి. ఒకదాని బయటి చిరునామా, పోర్టు మరొకదానికి తెలిశాక రెండూ ఒకేసారి ఒకదానికొకటి ప్యాకెట్లు పంపుతాయి. దాంతో రెండు వైపులా నాట్ పట్టికల్లో చోటు ఏర్పడి నేరుగా సంభాషణ కుదురుతుంది. దీన్ని హోల్ పంచింగ్ అంటారు. అది కుదరనప్పుడు డేటా రిలే సర్వర్ ద్వారా వెళ్తుంది, వేగం తగ్గుతుంది. వాడే ప్రతి ఫోనులో ఆ యాప్ ఉండాలి. సమన్వయ సర్వర్‌ను కూడా సొంతంగా నడపాలనుకునేవారికి హెడ్‌స్కేల్ ఉంది.

### టన్నెల్, అద్దె సర్వర్

క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్‌లో ఇంటి సర్వరే బయటికి కనెక్షన్ చేసి నిలుపుకుంటుంది. వాడుకరులు ఆ సంస్థ అంచు సర్వర్లకు వస్తారు; అక్కడి నుంచి అభ్యర్థన సొరంగం ద్వారా ఇంటికి చేరుతుంది. చూసేవారి ఫోనులో ఏ యాప్ అక్కర్లేదు, మామూలు బ్రౌజర్ చాలు. ఎన్‌క్రిప్షన్ ఆ సంస్థ దగ్గర విప్పబడి మళ్లీ కట్టబడుతుంది కాబట్టి డేటా విషయంలో ఆ సంస్థపై నమ్మకం ఉంచాలి. ఇదే పనిని పబ్లిక్ చిరునామా ఉన్న అద్దె సర్వర్‌తో, వైర్‌గార్డ్ లేదా ఎస్‌ఎస్‌హెచ్ సొరంగం కలిపి సొంతంగా చేసుకోవచ్చు.

## రెండు చోట్లా ఒకే పేరు

పోర్ట్ ఫార్వర్డింగ్ చేసిన ఇళ్లలో తరచుగా కనిపించే సమస్య ఒకటుంది: ఊరి బయట పనిచేసే డొమైన్ పేరు ఇంటి వైఫైలోకి రాగానే పనిచేయదు. ఆ పేరు రౌటర్ పబ్లిక్ చిరునామాను సూచిస్తుంది. లోపలి నుంచి ఆ చిరునామాకు వెళ్లిన ప్యాకెట్‌ను రౌటర్ తిరిగి లోపలికే మళ్లించాలి. హెయిర్‌పిన్ నాట్ లేదా నాట్ లూప్‌బ్యాక్ అనే ఈ సామర్థ్యం అన్ని రౌటర్లలోనూ ఉండదు.

ప్రత్యామ్నాయం స్ప్లిట్ డీఎన్‌ఎస్. ఒకే పేరుకు ఇంటి డీఎన్‌ఎస్ సర్వర్ ప్రైవేటు చిరునామాను, బయటి డీఎన్‌ఎస్ పబ్లిక్ చిరునామాను చెబుతాయి. ఇందులో మూడు విషయాలు అడ్డు రావచ్చు. 2018 నాటి ఆండ్రాయిడ్ 9 నుంచి ఉన్న ప్రైవేట్ డీఎన్‌ఎస్ అమరికలో బయటి సేవ పేరు ఇస్తే ఫోను ఇంటి డీఎన్‌ఎస్‌ను అడగదు. కొన్ని బ్రౌజర్లు సొంత ఎన్‌క్రిప్టెడ్ డీఎన్‌ఎస్ వాడతాయి. ఇంట్లో ఆరో రూపం కూడా ఉంటే, దాని చిరునామాకూ స్థానిక జవాబు ఇవ్వాలి. పబ్లిక్ డొమైన్ ప్రైవేటు చిరునామాను సూచించేలా పెట్టినప్పుడు డీఎన్‌ఎస్ రీబైండింగ్ రక్షణ ఉన్న రౌటర్లు ఆ జవాబును అడ్డుకుంటాయి. ఫోనులో మెష్ యాప్ ఎప్పుడూ నడుస్తూ ఉంటే లోపలా బయటా ఒకే చిరునామా పనిచేస్తుంది.

## భద్రత

పబ్లిక్ ఇంటర్నెట్‌కు తెరిచిన పోర్టును స్వయంచాలిత ప్రోగ్రాములు త్వరలోనే కనిపెడతాయి. 2016లో మిరాయ్ బాట్‌నెట్ ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చని కెమెరాలను, రౌటర్లను వశం చేసుకుంది. 2021 ఏప్రిల్‌లో క్యూలాకర్, 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్లు ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న క్యూనాప్ నాస్ పెట్టెల్లోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు డిమాండ్ చేశాయి.

సాధారణ జాగ్రత్తలు ఇవి: అవసరం లేని పోర్టు తెరవకపోవడం, రౌటర్‌లో పోర్టులను వాటంతటవే తెరిచే యూపీఎన్‌పీ ఆపడం, ఎస్‌ఎస్‌హెచ్‌కు పాస్‌వర్డు బదులు కీల జత వాడటం, రెండంచెల ధ్రువీకరణ, సాఫ్ట్‌వేర్‌ను ఎప్పటికప్పుడు నవీకరించడం. రౌటర్, సర్వర్ నిర్వహణ పేజీలను వీపీఎన్ ద్వారా మాత్రమే చేరేలా ఉంచుతారు.

ఎన్‌క్రిప్షన్ సర్టిఫికెట్లను లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2015 డిసెంబరు నుంచి ప్రజలకు ఉచితంగా ఇస్తోంది. 80 పోర్టు ద్వారా ధ్రువీకరించే పద్ధతి క్యారియర్ గ్రేడ్ నాట్ వెనక పనిచేయదు. డీఎన్‌ఎస్ రికార్డు ద్వారా ధ్రువీకరించే పద్ధతికి ఏ పోర్టూ తెరవనక్కర్లేదు. లోపల మాత్రమే వాడే సర్వర్‌కు కూడా ఇది సరిపోతుంది. ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్‌లోని పేర్లూ బహిరంగ జాబితాలకు ఎక్కుతాయి. సేవల పేర్లు బయటపడకూడదనుకుంటే వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్ తీసుకుంటారు.

## వేగం, విద్యుత్తు, బ్యాకప్

బయట ఉన్నవారికి అందే వేగాన్ని ఇంటి అప్‌లోడ్ వేగం నిర్ణయిస్తుంది. సెకనుకు 20 మెగాబిట్ల అప్‌లోడ్ ఉన్న ఇంటి నుంచి 5 గిగాబైట్ల పెళ్లి వీడియో దింపుకోవడానికి సుమారు 33 నిమిషాలు పడుతుంది. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. అందువల్ల హనుమకొండ-హైదరాబాద్ మధ్య రాకపోకకు కనీసం ఒకటిన్నర మిల్లీసెకను, 14,000 కిలోమీటర్లకు పైగా దూరంలోని అమెరికా నగరం డల్లాస్‌కు కనీసం 140 మిల్లీసెకన్లు పడతాయి. ఫోటోలు చూడటానికి ఈ ఆలస్యం ఇబ్బంది కాదు. రిమోట్ డెస్క్‌టాప్‌లో తెలుస్తుంది.

10 వాట్ల సర్వర్ నెలంతా నడిస్తే సుమారు 7 యూనిట్లు ఖర్చవుతాయి. ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం హనుమకొండలోనే ఉంది. సరఫరాలో అంతరాయాలను తట్టుకోవడానికి సర్వర్‌ను, ఫైబర్ రౌటర్‌ను రెండింటినీ యూపీఎస్ లేదా ఇన్వర్టర్‌కు కలపాలి. ఒక్కటే కలిపితే బయటి ప్రవేశం ఆగిపోతుంది. 2020 ఆగస్టులో, 2023 జూలైలో భారీ వర్షాలకు హనుమకొండ, వరంగల్ కాలనీల్లోకి నీరు చేరింది. ఇలాంటి చోట్ల యంత్రాన్ని నేల మీద కాకుండా ఎత్తులో పెట్టడం, మూడు ప్రతులు, రెండు రకాల నిల్వలు, ఒకటి వేరే చోట అనే 3-2-1 బ్యాకప్ నియమం పాటించడం అవసరం.

## చట్టపరమైన అంశాలు

అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్‌లోకి ప్రవేశించడం సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43, 66 సెక్షన్ల కిందకు వస్తుంది. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 వ్యక్తిగత, గృహ అవసరాలకు వ్యక్తులు చేసే డేటా వాడకానికి వర్తించదు. చందాదారుల వివరాలను ఐదేళ్లు ఉంచాలన్న ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 ఆదేశాలు వీపీఎన్ సేవలందించే సంస్థలను ఉద్దేశించినవి. ఇంటి కనెక్షన్‌పై వాణిజ్య సర్వర్ నడపడాన్ని కొన్ని ఇంటర్నెట్ సంస్థల ఒప్పందాలు అనుమతించవు.

## ప్రాధాన్యం, పరిమితులు

ఇంటి సర్వర్ వల్ల డేటా ఎక్కడుందో ఇంటివారికి తెలుస్తుంది. నెలసరి నిల్వ రుసుము తగ్గుతుంది. ఇంటర్నెట్ తెగినా ఇంట్లో సేవలు నడుస్తాయి. తెలంగాణలో స్వేచ్ఛ వంటి సంస్థలు ప్రచారం చేస్తున్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను, నెట్‌వర్కింగ్ పాఠాలను విద్యార్థులు ఆచరణలో నేర్చుకోవడానికి ఇది సాధనం. విదేశాల్లో పిల్లలున్న కుటుంబాలకు బయటి ప్రవేశం ముఖ్యం.

మరోవైపు నిర్వహణ భారమంతా ఇంట్లో ఒకరిపైనే పడుతుంది. డిస్క్ పాడైతే, పాస్‌వర్డు పోతే ఆదుకునే సంస్థ ఉండదు. టన్నెల్, మెష్ సేవలు వాడినప్పుడు సర్వర్ సొంతమే అయినా దాన్ని చేరే దారి మరో సంస్థ చేతిలో ఉంటుంది. పబ్లిక్ చిరునామా లేని కనెక్షన్‌లో ఈ ఆధారం తప్పడానికి ఉన్న మార్గాలు రెండు: స్టాటిక్ ఐపీకి అదనంగా చెల్లించడం, లేదా చూసేవారి వైపు కూడా ఉన్నప్పుడు ఐపీ ఆరో రూపం వాడటం.